ఇంట్లో పన్నీరు, గులాబీ షర్బత్: పాకం కంటే ముందు పువ్వు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పూల దుకాణంలో ఎర్ర గులాబీలు కొని మూత పెట్టకుండా నీళ్లలో బాగా మరిగించాను. రంగు వచ్చింది కానీ వాసన లేదు, పైగా కాస్త చేదు. పంచదార వేసి పాకం చేసి సీసాలో పోస్తే వారం తిరగకుండా పైన బూజు కట్టింది. ఫిబ్రవరిలో మా గృహప్రవేశం. వచ్చిన వంద మందికీ ఇంట్లో చేసిన గులాబీ షర్బత్ ఇవ్వాలని కోరిక. వంటలో వేసుకునే పన్నీరు (రోజ్ వాటర్) కూడా ఇంట్లో తయారవుతుందా? మల్లెపూలతో కుదురుతుందా?

జవాబు:

తయారవుతుందండీ. మా ఇంట్లో కొన్నేళ్లుగా బయట రోజ్ వాటర్ కొనడం లేదు. మీరు చేసిన పద్ధతిలో సవరించుకోవలసినవి ఉన్నాయి, చెబుతాను. అయితే ఆ ఎర్ర గులాబీలతో ఎంత ఓపికగా చేసినా వాసన రాదు. అవి డచ్ గులాబీలు. పొడవాటి కాడ, బిగువైన మొగ్గ, చాలా రోజులు వాడని గుణం, వీటి కోసం పెంచిన రకం. ఎక్కువగా హోసూరు, బెంగళూరు వైపు నుంచి వస్తాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకొని చూడండి, పచ్చి ఆకు వాసన తప్ప ఏమీ తెలియదు. పువ్వులో లేనిది గిన్నెలోకి ఎక్కడి నుంచి వస్తుంది? అంతకంటే ముఖ్యం, వాటిని ఎవరూ తినడానికి పెంచరు. ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో మనకు తెలియదు.

మనకు కావలసింది నాటు గులాబీ. లేత గులాబీ రంగు, పలుచని రేకలు, ఉదయం విచ్చుకుని ఎండెక్కేసరికి రాలిపోయే రకం. పూజకు విడిపూలుగా తూచి అమ్ముతారే, ఆ పువ్వు. పూర్ణా మార్కెట్‌లో తెల్లవారుజామున దొరుకుతుంది. కానీ నాకు అక్కడ పూలిచ్చే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది: "ఇవి దేవుడికి, తలలోకి అమ్మా. నోట్లోకి అయితే మీ కుండీలో పూసినవే వాడుకోండి." ఆ మాట విని డాబా మీద కుండీలు పెట్టుకున్నాను. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో నాటు గులాబీ అడిగి తీసుకోవచ్చు. నర్సరీలో కూడా మందు కొట్టే ఉంటారు కాబట్టి కొత్త మొక్కకు మొదట వచ్చే పూలు వంటకు వాడకండి. మీకు ఒక్కసారే ఎక్కువ పూలు కావాలి కాబట్టి ఆనందపురం చుట్టుపక్కల పూలు పండించే రైతుతో నేరుగా మాట్లాడుకోవడం మేలు. తినడానికని ముందే చెప్పి, మందు కొట్టని మడి ఉందా అని అడగండి. లేదంటే ఆ పూలు వద్దు. ఉప్పునీటిలో కడిగితే మందు పోతుందని చెప్పేవాళ్లుంటారు, దాన్ని నమ్ముకోవద్దు.

కోసే వేళ కూడా ముఖ్యమే. ఎండ తగలకముందు కోసిన పువ్వుకూ పది గంటలకు కోసినదానికీ తేడా ముక్కుకే తెలుస్తుంది. రేకలు విడదీసి, ముచ్చికలు తీసేసి, రేక అడుగున తెల్లగా ఉండే కొసను కత్తెరతో కత్తిరించండి. చేదు అక్కడ ఉంటుంది. విసుగు పుట్టించే పనే, టీవీ ముందు కూర్చుని చేసుకోండి.

ఇక పన్నీరు. మూత లేకుండా మరిగించడంతో మీ పూలలో ఉన్న కాస్త సువాసన కూడా ఆవిరితో పోయి వంటగదికి అంటుకుంది. ఆ ఆవిరిని పట్టుకోవడమే పన్నీరు తీయడం. అత్తర్లకు పేరున్న కనౌజ్‌లో రాగి డేగిసాలు పెట్టి, మూతలకు మట్టి మెత్తి, గొట్టాల ద్వారా చేసేదీ ఇదే. ఇంట్లో దీనికి వెడల్పాటి స్టీలు తపేలా, అందులో ఒక కుదురు, దాని మీద ఖాళీ స్టీలు గిన్నె, మధ్యలో పిడి ఉన్న మూత చాలు. కుదురు చుట్టూ రేకలు వేసి, అవి మునిగేవరకు నీళ్లు పోయండి. నీరు గిన్నెలోకి పొంగకూడదు. మూతను తిరగేసి పెట్టి, దాని మీద ఐసు ముక్కలు పోయండి. సన్నని సెగ. ఆవిరి చల్లటి మూతకు తగిలి, చెమట పట్టినట్లు చుక్కలు కట్టి, వాలున జారి పిడి చివరకు చేరి గిన్నెలోకి బొట్టు బొట్టుగా రాలుతుంది. ఐసు కరగగానే ఆ నీళ్లు తీసేసి మళ్లీ వేస్తూ ఉండాలి. మూత వేడెక్కితే ఆవిరి పక్కల నుంచి జారిపోతుంది.

ఎప్పుడు ఆపాలన్నదే ఇందులో నేర్పు. రేకల బరువెంతో ఇంచుమించు అంత నీరు దిగగానే నేను పొయ్యి ఆపేస్తాను. పావు కిలో రేకలకు పావు లీటరు. ఆశపడి ఇంకా ఉంచితే వచ్చేదానికి ఉడికిన ఆకుకూర వాసన ఉంటుంది, ముందు దిగిన మంచిదాన్నీ అది పాడు చేస్తుంది. పన్నీరు మీద నూనె తేలలేదని బెంగపడకండి. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు వేల కిలోల రేకలు పడతాయి, మన తపేలా ఏ మూలకు? పన్నీటికి సువాసననిచ్చే పదార్థాల్లో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరిగేదే, కాబట్టి మనకు కావలసింది నీటిలోనే ఉంటుంది. ఇంకో మాట, కుళాయి నీళ్లు వాడితే వాటిలోని క్లోరిన్ వాసన కూడా ఆవిరితోపాటు పైకి వచ్చి గిన్నెలో చేరుతుంది. ఫిల్టరు నీళ్లు వాడండి, లేదా ముందు రోజు కాచి చల్లార్చుకోండి.

ఈ పన్నీరు రంగు లేకుండా తేటగా ఉంటుంది. గులాబీ రంగు ఉండాలనుకోవద్దు. మరిగించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు బాగుంటుంది. లోపల దూదిపింజలా ఏదైనా తేలితే పారబోయండి. ఎక్కువ చేస్తే ఐసు ట్రేలో గడ్డకట్టించి దాచుకోవచ్చు. మందుల షాపులో ముఖానికి అమ్మే రోజ్ వాటర్ మాత్రం వంటలో వేయకండి, అందులో ఒంటికి రాసుకోవడానికి మాత్రమే పనికొచ్చేవి కలిపి ఉండవచ్చు. కొనక తప్పకపోతే సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు ఉన్నదే తీసుకోండి.

షర్బత్ విషయంలో రంగు ఒక దారిన, వాసన ఒక దారిన వస్తాయన్నది గుర్తుంచుకుంటే చాలు. రంగు కోసం వంద గ్రాముల రేకల మీద, మరిగి దింపి ఒక్క నిమిషం ఆగిన నీళ్లు అర లీటరుకు కాస్త ఎక్కువగా పోసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే రేకలు వెలిసిపోయి ఉంటాయి, నీరు కూడా మట్టిరంగులో దిగాలుగా కనిపిస్తుంది. పలుచని గుడ్డలో వడకట్టి నిమ్మరసం పిండండి. చెంచా తిప్పుతుండగానే ఆ మట్టిరంగు పోయి చక్కని గులాబీ రంగు పైకి తేలుతుంది. పూలలోని రంగు పులుపుకు అలా మారుతుంది. ఇనుము, అల్యూమినియం గిన్నెలు ఈ రంగును చంపేస్తాయి, స్టీలే వాడండి.

వడకట్టిన నీటిని కొలవండి. అర లీటరుకు కిలో పంచదార. ఎక్కువనిపిస్తుంది కానీ తగ్గించవద్దు. ఈ లెక్కన పంచదార వంతు సుమారు 66 శాతం అవుతుంది, బూజుకు కావలసిన నీటిని అది తన దగ్గరే పట్టి ఉంచుతుంది. షర్బత్‌లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ అడిగేది కూడా కనీసం 65 శాతం. మీరు తీపి ఎక్కువవుతుందని తగ్గించి ఉంటారు, బూజు అందుకే వచ్చింది. కరిగేవరకు సన్నని సెగ మీద కలిపి, ఒక్క పొంగు రాగానే తెట్టు తీసి దింపేయండి. తీగపాకం దాకా వెళ్లవద్దు, సీసాలో పంచదార గడ్డ కడుతుంది. నిమ్మరసంలోని పులుపు ఆ గడ్డ కట్టడాన్ని కూడా కొంత ఆపుతుంది. పూర్తిగా చల్లారాక, ఇక పొయ్యి ఎక్కించేది లేదనుకున్నప్పుడు, లీటరుకు నాలుగైదు చెంచాల పన్నీరు కలపండి. వాసన వచ్చేది ఈ చివరి చెంచాలతోనే.

మన ఊరి గాలిలో ఇంకో ఇబ్బంది ఉంది. వేడి పాకం పోసి వెంటనే మూత బిగిస్తే మూత లోపల నీటి చుక్కలు కట్టి మళ్లీ పాకం మీదనే పడతాయి. సముద్రపు తేమకు ఫ్రిజ్ నుంచి తీసిన సీసా మూత తెరిచినా అంతే. లోపల ఎంత చిక్కగా ఉన్నా పైపొర పలుచబడి బూజు అక్కడ మొదలవుతుంది. చల్లారాక మూత పెట్టండి, చిన్న చిన్న సీసాల్లో నింపండి, వాడేముందు ఒకసారి తలకిందులు చేసి కలపండి. తడి చెంచా పెట్టేవాళ్లను దగ్గరకు రానివ్వకండి. మా ఇంట్లో ఈ విషయంలో నన్ను చాదస్తురాలినంటారు, అననివ్వండి.

కుండీల్లో రోజుకు నాలుగు పూలే పూస్తే వాటి రేకలను గాజు సీసాలో పంచదారతో పొరలు పొరలుగా వేస్తూ పోండి, ఫ్రిజ్‌లో ఉంచండి. చాలినన్ని పోగయ్యాక వేడినీళ్లు పోసి కరిగించి వడకట్టుకోవచ్చు. వేడినీళ్లు పోయకముందే అందులో కొంత తీసి ఎండలో పెడితే గుల్కంద్ అవుతుంది, కానీ విశాఖ ఎండను చూసి మోసపోవద్దు, పగలు ఎండ ఉన్నా రాత్రి తేమ తప్పదు. సాయంత్రం లోపలికి తెచ్చేయాలి.

మల్లెలను మాత్రం పొయ్యి మీదకు ఎక్కించకండి. గులాబీ ఆవిరికి లొంగుతుంది, మల్లె వాసన వేడికి చెడిపోతుంది. అయితే మల్లెకు ఒక మంచి గుణం, కోసిన తరువాత కూడా విచ్చుకుంటూ వాసన విడుస్తూనే ఉంటుంది. మందు కొట్టని మొగ్గలను సాయంత్రం విచ్చుకునే వేళకు, కాచి చల్లార్చిన నీటి మీద తేలేలా వేసి మూత పెట్టి, తెల్లవారగానే తీసేయండి. ఆ నీటిలో పంచదార చల్లగానే కరిగించుకోవాలి. ఇది నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయడమే. గులాబీలు చలికాలంలో బాగా వస్తాయి, మల్లెలు వేసవివి. కాబట్టి మీ ఫిబ్రవరి ముహూర్తానికి గులాబీయే సరి.

మిగతా పూలలో శంఖపుష్పం రంగుకు తప్ప వాసనకు పనికిరాదు. నీలం నీటిలో నిమ్మ పిండితే ఊదారంగు వస్తుంది, పిల్లలకు సరదా. మొగలి నీరు ఇంట్లో తీసే పని కాదు, బరంపురం వైపు గంజాం జిల్లాలో అందుకు పేరున్నవాళ్లు ఉన్నారు, కొనుక్కోండి. సింహాచలం సంపెంగలు చూస్తే చేయి ఆగదు కానీ మన వంటల్లో వాటి వాడుక లేదు, నేను వేయను. గన్నేరు, ఉమ్మెత్త విషాలు, అవి ఉన్న బుట్టలోంచి వేరే పూలు కూడా ఏరుకోవద్దు.

మీ వంద మందికి లెక్క చెబుతాను. గ్లాసుకు 30 మిల్లీలీటర్ల పాకం, మిగతా చల్లని నీళ్లు. మొత్తం మూడు లీటర్లు కావాలి. మూడు కిలోల పంచదార, రేకలు నానబెట్టి వడకట్టిన రంగు నీరు లీటరున్నర, మూడు వందల గ్రాముల రేకలు పెట్టుకుంటే మూడు లీటర్లు దాటే వస్తుంది. పన్నీటికి ఇంకో పావు కిలో రేకలు. వారం ముందు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పాలు కలిపి ఇవ్వాలనుకుంటే ఒక సీసా నిమ్మ వేయకుండా విడిగా చేయండి, లేకపోతే వేడి పాలు విరిగిపోతాయి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్లు కొందరైనా వస్తారు కదా, వాళ్ల కోసం చల్లని నీళ్ల జగ్గులో రెండు చెంచాల పన్నీరు మాత్రం కలిపి పక్కన పెట్టండి.