ఒంటిపూట బడుల కంటే ముందే అడగాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ తరఫున ఖోఖో ఆడుతుంది. ఈ ఎండాకాలం సమ్మర్ క్యాంపుల్లో కోచ్‌గా చేస్తానని పట్టుబట్టింది. వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. రోజుకు 1,500 రూపాయలు ఇస్తారట, ముందు రిజిస్ట్రేషన్‌కు 2,000 కట్టాలట. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో మిర్చి పని కూడా ఉంది. పంపాలా, వద్దా?

(అదే ఉత్తరం కింద అమ్మాయి రాసింది: సార్, నాకు పీఈటీ (ఆటల టీచరు) కావాలని ఉంది. అమెరికాలో కూడా క్యాంప్ కౌన్సెలర్‌గా పోవచ్చని మా హాస్టల్‌లో అంటున్నారు, నిజమేనా?)

జవాబు: అన్నా, ముందు ఆ రెండు వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. పని చేయించుకునేవాడు పైసలు ఇస్తాడు కానీ తీసుకోడు. ఆ ప్రకటన ఇంకోసారి చదవండి. ఏ స్కూలో, ఏ గ్రౌండో ఉందా? ఫోన్ నంబరు, 'కొన్ని ఖాళీలు మాత్రమే' అన్న మాట తప్ప ఏమీ ఉండదు. రెండు వేలు కట్టాక యూనిఫాంకు ఇంకో వెయ్యి అంటారు, తర్వాత ఐడీ కార్డుకు అంటారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. ఒకవేళ ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడకుండా ఈ రోజే 1930కు ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు. ఎంత త్వరగా చేస్తే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక మిర్చి. ఆఖరి ఏరుడు ఏప్రిల్‌లో అయిపోతుంది కదా. క్యాంపులు జోరుగా నడిచేది మే నెలలో. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. పైగా ఈ పని పొద్దున రెండు గంటలే. పంపండి. కానీ హనుమకొండకో హైదరాబాద్‌కో కాదు, మీ నర్సంపేటలోనే చేయనివ్వండి. ఎందుకో అమ్మాయికి చెప్తాను, ఇది చదువుతున్న ఫోన్ ఒకసారి ఆమె చేతికివ్వండి.

బిడ్డా, నువ్వు ఉత్తరం ఫిబ్రవరిలో రాశావు చూడు, సగం పని అక్కడే అయింది. చాలామంది పిల్లలు పరీక్షలన్నీ రాసి, హాస్టల్ ఖాళీ చేసి, మే మొదటివారంలో నా దగ్గరికి వచ్చి 'సార్, ఎక్కడైనా క్యాంపు ఉందా' అంటారు. అప్పటికి ఏముంటుంది? మన రాష్ట్రంలో ఈ మధ్య బడులకు ఏప్రిల్ 24 నుంచి సెలవులు ఇస్తున్నారు, జూన్ 12న తెరుస్తున్నారు. ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ తన క్యాంపు ఫ్లెక్సీ ఏప్రిల్ మొదట్లోనే గేటుకు కట్టిస్తాడు. డ్యాన్స్‌కు ఎవరు, కరాటేకు ఎవరు అన్నది మార్చిలోనే మాట్లాడుకుని ఉంటాడు. అంటే మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే నువ్వు ఆయన ముందు నిలబడి ఉండాలి. మధ్యాహ్నం బడి వదిలాక పో, ఆయనకు తీరిక ఉంటుంది.

నర్సంపేటే ఎందుకంటే, పరీక్షలయ్యాక హాస్టల్ మూసేస్తే నీకు హనుమకొండలో ఉండే చోటు లేదు. రూం తీసుకుంటే సంపాదనంతా అద్దెకే పోతుంది. బస్సులో వచ్చిపోతానంటావేమో. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. కానీ వరంగల్ ఎండలో ఆటల క్యాంపు పొద్దున ఆరింటికి మొదలవుతుంది, ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. ఆరింటికి హనుమకొండ గ్రౌండ్‌లో ఉండాలంటే నువ్వు ఇంట్లో ఎన్నింటికి లేవాలో లెక్క వేసుకో. మీ ఊరి నుంచి నర్సంపేటకైతే నాన్న బండి మీద దింపగలడు. ఇంకో సంగతి, అక్కడ పిల్లల తల్లిదండ్రులకు మీ కుటుంబం తెలుసు. ఫలానా వాళ్ల అమ్మాయి యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆడింది అన్న మాట కొత్త ఊళ్లో ఏ సర్టిఫికెట్టూ చెయ్యలేని పని చేస్తుంది.

ప్రభుత్వం తరఫున కూడా ఒక దారి ఉంది. జిల్లా యువజన, క్రీడల శాఖ, అదే మనం డీవైఎస్‌వో ఆఫీసు అంటాం, ఎండాకాలంలో పిల్లలకు ఉచిత క్రీడా శిక్షణ శిబిరాలు పెడుతుంది. పల్లెల్లో శిబిరాలు నడిపేందుకు పీఈటీలను, సీనియర్ క్రీడాకారులను దరఖాస్తు చేయమని పేపర్లో ప్రకటన ఇస్తారు. జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్తగా వస్తుంది, ఏప్రిల్ అంతా కన్నేసి ఉంచు. నువ్వు చదివేది హనుమకొండ జిల్లాలోనే కానీ నర్సంపేట వరంగల్ జిల్లా కిందికి వస్తుంది. 2021లో పేర్లు మారినప్పటి నుంచి ఈ తికమక తీరలేదు. మీ ఊళ్లో శిబిరం కావాలంటే వరంగల్ జిల్లా ఆఫీసులోనే దరఖాస్తు పెట్టు. ఆటలో నీకున్న సర్టిఫికెట్ల జిరాక్సులు, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ దగ్గర పెట్టుకో. అక్కడిచ్చేది గౌరవ వేతనం, చిన్న మొత్తమే. క్యాంపు అయ్యాక బిల్లు అయి రావాలి కాబట్టి ఆ పైసల మీద ఫోన్ కొనే లెక్కలు వేసుకోకు. కానీ ఆ శాఖ ఇచ్చే సర్టిఫికెట్ రేపు నీకు అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. కరస్పాండెంట్ దగ్గరికి బయోడేటా పట్టుకుని పోతే సొరుగులో పడేస్తాడు. 'సార్, నాకు ఒక పీరియడ్ ఇవ్వండి, మీ నాలుగో తరగతి పిల్లలకు ఖోఖో ఆడించి చూపిస్తా' అను. ఏ కరస్పాండెంటూ కాదనడు, ఉచితంగా వచ్చేది కదా. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌ను మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇద్దరూ గెలిచారు, కాబట్టి ఈ ఆట గొప్పతనం ఆయనకు వివరించే శ్రమ కూడా నీకు తప్పింది.

ఆ ఒక్క పీరియడ్‌కు మాత్రం ఇంటి దగ్గరే తయారై పో. ఒక విజిల్, ఒక డబ్బా ముగ్గు, ఒక సంచిలో నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు. స్తంభాలు లేకపోతే డబ్బాలు పెట్టుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు ఆట వద్దు. విజిల్ వేస్తే పరుగెత్తాలి, మళ్లీ వేస్తే ఎక్కడివాళ్లక్కడ బొమ్మలా ఆగాలి, అంతే. నలభై మంది పిల్లలు నీ విజిల్‌కు ఆగారంటే కరస్పాండెంట్ వరండాలో నిలబడి చూసేది అదే. తర్వాత గడులు గీయి. ఎదురెదురు దిక్కులకు మొహం పెట్టి కూర్చోవడం చిన్నపిల్లలకు అసలు ఎక్కదు, రెండు నిమిషాల్లో అందరూ ఒకే వైపు తిరిగేస్తారు. అందుకే ప్రతి గడిలో ముగ్గుతో ఒక బాణం గుర్తు వెయ్యి. వెనక నుంచి వీపు తట్టి 'ఖో' అనడం ఒక్కటే పది నిమిషాలు చేయించు, పరుగు లేకుండా. ఆడటం చివరి పావుగంటే. నీకు ఆట ఎంత వచ్చో ఎవరూ చూడరు, పిల్లలు నీ మాట వింటున్నారా అనే చూస్తారు. యూనివర్సిటీకి ఆడిన వాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు, తమకు వచ్చిన డైవ్‌లన్నీ మొదటి రోజే చూపిస్తారు.

పైసల దగ్గర మొహమాటపడకు. రెండు పద్ధతులు ఉంటాయి, గుత్తగా ఇంత అనడం లేదా ఫీజులో వాటా. వాటా అన్నప్పుడు మాట తీయగా ఉంటుంది. పిల్లకు 600 చొప్పున పాతిక మంది వస్తే 15,000, నీకు సగం అంటే 7,500. కానీ పన్నెండు మందే వస్తే నీ చేతికి 3,600. పిల్లలను రప్పించడం స్కూలు పని, నీది కాదు. అందుకే మొదటి ఏడాది 6,000 గుత్తకు ఒప్పుకున్నా మంచిదే అంటాను నేను.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. డిగ్రీలో ఉన్నప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో నెల రోజులు వాలీబాల్ నేర్పాను. ఆఖరి రోజు 'ఈసారి పిల్లలు తక్కువయ్యారు తమ్ముడూ' అని మాట్లాడుకున్న దాంట్లో సగం చేతిలో పెట్టారు. కాగితం లేదు, ఏమనగలను? నీకు ఆ కష్టం అక్కర్లేదు, చేతిలో వాట్సాప్ ఉంది. మాట అయిన రోజు సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టు: 'నమస్తే సార్, మే 5 నుంచి 30 వరకు, పొద్దున 6 నుంచి 8, మొత్తం 6,000. సగం మే 17న, మిగతాది ఆఖరి రోజు అన్నారు. సరే కదా సార్?' ఆయన ఓకే అని పెడితే అదే నీ అగ్రిమెంటు. నాలుగో సెమిస్టర్ పరీక్షలు మే నెలలోకి జరిగితే ఏం చేయాలో కూడా ముందే చెప్పు. పరీక్ష ఉన్న రోజుల్లో నీ టీంలో ఇంకో అమ్మాయి వచ్చి ఆడిస్తుందంటే ఎవరూ కాదనరు. నడిమధ్యలో చెప్తేనే మాట పోతుంది.

అదే స్కూల్లో నాకు పైసల కంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. పదో రోజు ఒక రెండో తరగతి బాబు కనపడలేదు. ట్యాంకు దగ్గర చూశాం, మెట్ల కింద చూశాం, బయట రోడ్డు మీదికి పరుగెత్తాను. కాళ్లు వణుకుతున్నాయి. అరగంటకు తెలిసింది, వాళ్ల బాబాయి వచ్చి బండి మీద ఇంటికి తీసుకుపోయాడట. ఆయన నాకు చెప్పలేదు, నేను చూసుకోలేదు. మర్నాటి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. వచ్చిన టైం, వెళ్లిన టైం, ఎవరితో వెళ్లాడు, వాళ్ల సంతకం. నువ్వు మొదటి రోజు నుంచే పెట్టు. ప్రతి పిల్ల పేరు పక్కన ఇంటి ఫోన్ నంబరు, ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఏమైనా ఉన్నాయా అన్నది కూడా రాసుకో.

ఎండ గురించి నీకు చెప్పాల్సిన పని లేదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసు నీళ్లలో కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. సుబేదారిలోని రెడ్‌క్రాస్‌లో ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఎప్పుడు ఉంటుందో హాస్టల్ ఖాళీ చేసేలోపే అడిగి రా. స్కూలు వాళ్లు 'ఒక రోజు చెరువు దగ్గరికి పిక్నిక్ తీసుకుపోదాం, నువ్వు తోడు రా' అంటే వద్దను. బాయిలో ఈత వచ్చినంత మాత్రాన ముప్పై మంది పిల్లలను నీళ్ల దగ్గర కాపాడలేవు. ఏ పిల్లతోనైనా గదిలో ఒంటరిగా ఉండకు, తలుపు తెరిచే ఉంచు. ఎవరైనా పిల్లతో తప్పుగా ప్రవర్తించారని నీకు తెలిస్తే మేనేజ్‌మెంట్ 'మనలో మనం చూసుకుందాం' అన్నా ఊరుకోవద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

అమెరికా సంగతి నిజమే. అక్కడి క్యాంపులకు జే-1 వీసా కింద క్యాంప్ కౌన్సెలర్లను తీసుకుంటారు. 18 ఏళ్లు నిండాలి, ఇంగ్లీష్ బాగా రావాలి, నాలుగు నెలలకు మించి ఉండనివ్వరు, వాళ్ల ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్ సంస్థ ద్వారానే వెళ్లాలి. పిల్లలతో పని చేసిన అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి ఈ ఏడాది ఆలోచన పక్కన పెట్టు. రెండు ఎండాకాలాలు నర్సంపేటలో చేశాక కూడా మనసు అటే ఉంటే అప్పుడు మాట్లాడదాం.

పీఈటీ కోరిక మాత్రం ఇప్పుడే లెక్కలోకి తీసుకో. డిగ్రీ అయ్యాక పీఈటీ కావడానికి చదివే బీపీఎడ్ కోర్సు కోసం పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. రాయాలి అంటున్నాను కానీ అందులో రాత పరీక్షే లేదు. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్ లాంటివి, ఆ పైన నీ ఆటలో స్కిల్ టెస్ట్ ఉంటాయి. క్యాంపు ఆరింటికి మొదలవుతుంది, అంతకుముందు గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. పిల్లలు రాకముందు అరగంట నీ పరుగు నువ్వు చేసుకో. ఆఖరి రోజు స్కూలు లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వయసు పిల్లలకు, ఏ ఆట నేర్పావో రాయించుకుని సంతకం, స్టాంపు వేయించుకో. 'మంచి అమ్మాయి, చురుకైనది' అని రాసిస్తే అది దేనికీ పనికిరాదు.

ఇక ఫోన్ నాన్నకివ్వు. అన్నా, మొదటి రోజు మీరే బండి మీద దింపండి. దింపి అక్కడే గేటు దగ్గర నిలబడి చూడకండి, టీ తాగి ఎనిమిదింటికి రండి.