వస్తువులు తిరిగి తీసుకున్నా 150 పౌండ్లు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఒక షాపులో 18 పౌండ్ల విలువైన మేకప్ సామాను బ్యాగులో వేసుకుని బయటికి వస్తుండగా సెక్యూరిటీ వాళ్లు పట్టుకున్నారు. సామాను తీసేసుకుని, మళ్లీ ఆ షాపులో అడుగుపెట్టవద్దని కాగితం ఇచ్చి పంపేశారు. పోలీసులను పిలవలేదు. ఇప్పుడు వేరే సంస్థ నుంచి, 150 పౌండ్లు కట్టకపోతే కోర్టుకు వెళ్తామని ఉత్తరం వచ్చింది. కట్టకపోతే వీసాకు ఇబ్బందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చేసింది తప్పే. అయితే ఆ ఉత్తరం కోర్టు విధించిన జరిమానా కాదు. షాపు తరఫున ఒక ప్రైవేటు సంస్థ నష్టపరిహారం అడుగుతోంది, అంతే. పరిహారం కావాలంటే నష్టం ఎంతో షాపువారు రుజువు చేయాలి. సామాను చెక్కుచెదరకుండా తిరిగి వారి చేతికే వెళ్లింది కనుక, 150 పౌండ్ల లెక్క ఎలా తేలిందని అడిగే హక్కు మీ అమ్మాయికి ఉంది.

సెక్యూరిటీ సిబ్బంది వెచ్చించిన సమయానికే ఈ సొమ్మని సాధారణంగా చెబుతారు. 2012లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో ఇద్దరు అమ్మాయిలపై ఒక షాపు వేసిన ఇలాంటి దావాను న్యాయమూర్తి కొట్టివేశారు. దొంగలను పట్టుకోవడమే ఆ సిబ్బంది ఉద్యోగమనీ, ఈ ఘటన వల్ల షాపు వ్యాపారం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదనీ ఆయన తేల్చారు. ఆ తీర్పు ఇతర కోర్టులను కట్టడి చేయదు గానీ, మీ అమ్మాయి జవాబులో దానిని తప్పక ప్రస్తావించాలి. నష్టం వివరాలు అడుగుతూ, బాకీని అంగీకరించకుండా, ఒక్కసారి రాతపూర్వకంగా జవాబిచ్చి నకలు దాచుకుంటే చాలు. ఫోన్‌లో బేరాలు వద్దు.

డబ్బు కట్టినంత మాత్రాన పోలీసు కేసు రాదన్న హామీ ఉండదు, కట్టనంత మాత్రాన నేరచరిత్రా ఏర్పడదు. వీసా అధికారులు అడిగేది శిక్షలు, పోలీసులు రాతపూర్వకంగా ఇచ్చిన హెచ్చరికలు, బాకీలపై వచ్చిన సివిల్ కోర్టు తీర్పుల గురించి. అందుకే ఒక్క విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు: నిజంగానే కోర్టు నుంచి దావా పత్రాలు వస్తే, 14 రోజుల్లోపు స్పందించాలి. స్పందించకపోతే విచారణ లేకుండానే తీర్పు వెలువడుతుంది, నెలలోపు సొమ్ము కట్టకపోతే అది ఆరేళ్లపాటు క్రెడిట్ రికార్డులో ఉండిపోతుంది. తీర్పు లేకుండా మాత్రం ఎవరూ ఇంటికి జప్తుకు రాలేరు.

ఇటువంటి ఉత్తరాలను 2009లోనే తప్పుపట్టిన సిటిజెన్స్ అడ్వైస్ సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘంలోనూ సలహా కేంద్రం ఉంటుంది. ఆ షాపు వైపు మాత్రం మళ్లీ వెళ్లవద్దని చెప్పండి, ఆ నిషేధం ఇంకా అమల్లోనే ఉంటుంది.