మీ ఆవిడ నిద్రపోయారు, మీరు మార్కులు వేశారు

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని, మాది తెనాలి. మా ఒక్కగానొక్క అమ్మాయి ఇంజనీరింగ్ చదివి, మూడేళ్లు ఉద్యోగం చేసి, అది మానేసి, దాచుకున్న డబ్బుతో సినిమా చదువుకోవడానికి ప్రాగ్ వెళ్లింది. నన్ను అడగలేదు. మొన్న వేసవిలో మేమిద్దరం వెళ్తే, చెక్ సినిమాలన్నింటిలోకీ గొప్పదని ‘మార్కెటా లాజరోవా’ చూపించింది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు కళ్లు పోయేలా చదివినా, ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో తెలియలేదు. తిరిగి వచ్చిన కూతురిని తండ్రి పొమ్మనడం మాత్రం గుర్తుండిపోయింది. మా ఆవిడ అరగంటకే నిద్రపోతే, అమ్మాయి నవ్వి తన కోటు కప్పింది. బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగితే, ‘ఇందుకోసమా ఉద్యోగం వదులుకున్నావు?’ అని ఆమె స్నేహితుల ముందు ఇంగ్లీషులోనే నిర్మొహమాటంగా అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. ఆ సినిమాలో ఏముందో వివరిస్తారా? లోపం నాదా, సినిమాదా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చు వేసింది దాని సారం మాత్రమే. మూడున్నర పేజీలు సినిమాను తిట్టడానికే సరిపోయాయి. అమ్మాయి గురించి పట్టుమని పది వాక్యాలు లేవు.

ముందు సినిమా సంగతి తేల్చేస్తాను. దాన్ని మొదటిసారి చూసి అంతా అర్థమైందనే మనిషిని నేను నమ్మను. నాకూ కాలేదు. 1967లో ఫ్రాంటిషెక్ వ్లాచిల్ తీసిన నలుపు తెలుపు చిత్రం, దాదాపు రెండు ముప్పావు గంటలు. పదమూడో శతాబ్దపు బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశపు ప్రాంతంలో, దారిదోపిడీలతో బతికే రెండు కుటుంబాలు, కోజ్లిక్‌ది ఒకటి, లాజర్‌ది ఒకటి. కోజ్లిక్ మీదికి రాజుగారి సైన్యం వస్తుంది. కోజ్లిక్ కొడుకు మికోలాష్ పగకొద్దీ లాజర్ కూతురు మార్కెటాను ఎత్తుకుపోతాడు. కథ ఇదే, కానీ దాన్ని వరసలో చెప్పరు. జరుగుతున్నది ఎక్కడ ఆగిందో, జరిగిపోయినది ఎక్కడ మొదలైందో మనమే పట్టుకోవాలి. మాట ఒకచోటి నుంచి వినిపిస్తుంది, ముఖం మరొకటి కనిపిస్తుంది. ఆ కాలపు మనుషుల కళ్లతోనే మనమూ లోకాన్ని చూడాలని దర్శకుడి పట్టుదల. లాంతరు ఇవ్వకుండా అడవిలో దింపేసి వెళ్లిపోయినట్టు ఉంటుంది నాకైతే.

1998లో చెక్ విమర్శకులు దీన్నే తమ దేశపు అత్యుత్తమ చిత్రంగా ఎన్నుకున్నారు. ఈ సినిమాకు మూలం 1931 నాటి చెక్ నవల. అది రాసిన వ్లాదిస్లావ్ వాంచురాను 1942లో నాజీలు కాల్చి చంపారు. ఆ పేరు వినగానే వాళ్లలో కదిలేది మనలో కదలదు. మన పౌరాణికం ఒకటి వాళ్లకు చూపించండి, ఘటోత్కచుడు ఎవరి కొడుకో చెప్పేసరికే ఇంటర్వెల్ అయిపోతుంది. కనుక మీ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఆవిడ నిద్రపోయారు. అంతకన్నా పెద్ద అవమానం ఉంటుందా సినిమాకు? అయినా అమ్మాయి నవ్వి కోటు కప్పింది. మీరు మేలుకుని, ప్రతి అక్షరం చదివి, చివరిదాకా చూశారు. ఆ పిల్ల మీతోనే మాట్లాడటం తగ్గించింది. ఎందుకో మీకు తట్టలేదంటే నేను నమ్మను. ఎలా ఉంది నాన్నా అని అడిగింది సినిమా గురించి కాదండీ. తను ఎంచుకున్న బతుకును తెచ్చి మీ ముందు పెట్టింది. మీరు అలవాటుకొద్దీ ఎర్ర సిరా తీశారు. పైగా ఇంగ్లీషులో, అక్కడున్న అందరికీ తెలిసేలా.

‘నన్ను అడగలేదు’ అని మీ ఉత్తరంలో మూడుచోట్ల ఉంది. రూపాయి కూడా అడగలేదని ఇంకోచోట ఉంది, అదీ ఫిర్యాదులాగే. మిమ్మల్ని కుదిపింది అదే. అనుమతీ అడగక, డబ్బూ అడగక పిల్ల వెళ్లగలిగితే ఇక తండ్రిగా నా పనేమిటని మీకు అనిపించి ఉంటుంది. ఆ బాధ నాకు తెలుసు, తక్కువ చేయను. కానీ ఆ కోపాన్ని పాపం ఏ సంబంధమూ లేని ఒక చెక్ దర్శకుడి మీద చూపించారు.

మీకు గుర్తుండిపోయిందన్న ఆ తండ్రి, లాజర్. కూతురిని క్రైస్తవ సన్యాసినుల మఠానికి ఇస్తానని మొక్కుకున్నవాడు. తన లెక్కలో అది పుణ్యమే. కూతురు ఇంకో దారిన నడిచి తిరిగి వస్తే ఇంట్లో చోటు లేదన్నాడు. నేను పోలిక తెస్తున్నానని కోప్పడకండి. తెస్తున్నాను. అంత అయోమయంలోనూ మీ మనసు ఆ ఒక్క దృశ్యం దగ్గరే ఆగింది కదా.

తండ్రి తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చులకన అవుతాడని మన ఇళ్లలో ఒక నమ్మకం. నేను దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. బడిలో బోర్డు మీద మీ లెక్క తప్పితే, పిల్లలు చూస్తుండగానే తుడిచి మళ్లీ వేసి ఉంటారు. అప్పుడు పరువు పోలేదు.

ఇప్పుడు అమ్మాయి కబుర్లు మీకు మీ ఆవిడ ఫోను ద్వారా అందుతున్నాయి. మీరు పక్క గదిలోంచి ‘తిన్నదా అడుగు’ అంటున్నారు. అది మానండి. మన రాత్రి పదింటికి అక్కడ ఇంకా సాయంత్రమే, మీరే ఫోను చేయండి. సినిమా మళ్లీ చూశానని, ఇప్పుడు నచ్చిందని అబద్ధం ఆడకండి, ఇట్టే పట్టేస్తుంది. ఆ రోజు అన్న మాట తప్పని చెప్పండి. అన్నది నలుగురి ముందు కనుక, ఆ నలుగురికీ రెండు వాక్యాలు రాసి అమ్మాయికి పంపండి. ఇంగ్లీషు మీకు బాగానే వచ్చు కదా.