ట్యాంకులోకి ఎవరినీ దింపకు

సుధా,

బాలానగర్‌లో షెడ్డు తీసుకుని వేపర్ డీగ్రీజింగ్ యూనిట్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. విమానాల పార్టుల జాబ్ వర్కట! వినగానే ఎంత గర్వపడ్డానో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పని సంగతి నీకు తెలిసిందే. ట్యాంకు అడుగున ట్రైక్లోరోఎథిలిన్ అనే సాల్వెంట్, అంటే నూనెను కరిగించే ద్రవం, మరుగుతుంది. చల్లటి పార్టు మీద ఆ ఆవిరి ద్రవంగా మారి నూనెను కడుగుతూ కారుతుంది. పార్టు కూడా ఆవిరంత వేడెక్కితే కారడం ఆగుతుంది, అప్పుడు బాస్కెట్ తియ్యి. నిమిషానికి 3 మీటర్లకు మించిన వేగం వద్దు, ఆవిరి వెంట లేచి వస్తుంది. ఆవిరిని పైకి పోనివ్వని కూలింగ్ కాయిల్‌లో నీళ్లు తిరగనిదే హీటర్ వెయ్యకు. దగ్గర్లో వెల్డింగ్ పెట్టనివ్వకు. ట్రైక్లోరోఎథిలిన్ ఆవిరి ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువవుతుంది.

ఇప్పుడు అసలు మాట. నేను పనిచేసిన ఒక షాపులో ట్యాంకు అడుగున మడ్డి పేరుకుంది. సాల్వెంట్ డ్రెయిన్ చేశారు. ఖాళీగానే కనబడింది. సాయంత్రానికి లైను మళ్లీ నడవాలని సూపర్‌వైజర్ తొందరపెట్టి, గీకడానికి ఒక కుర్రాణ్ణి లోపలికి దింపాడు. ఆ ఆవిరి గాలికంటే నాలుగున్నర రెట్లు బరువు, ఎక్కడికీ పోదు, అడుగునే ఉంటుంది. పైగా మత్తు. పిల్లాడు వంగి పని చేస్తున్నాడనుకున్నాం, ఒరిగిపోయాడని ఎవరికీ తట్టలేదు. చూసినవాడు ఆగకుండా దూకాడు, వాడూ పడ్డాడు. తాళ్లేసి ఇద్దర్నీ లాగాం. దూకినవాడు బతికాడు. ఆ కుర్రాడు దక్కలేదు. నీ వయసే ఉంటుంది వాడికి.

అందుకే చెబుతున్నా, ఆర్డర్ లేటవుతుందన్న మాట నీ నోట రాకూడదు. వస్తే నేనే వచ్చి మెయిన్ స్విచ్ దించేస్తాను. కోప్పడుతున్నానని బాధపడకు తల్లీ, చిన్నప్పుడు నా స్పానర్లతో ఆడుకున్న పిల్లవి, నాకు భయం.

సెకండ్ హ్యాండ్ ఓపెన్ ట్యాంకు చవగ్గా వస్తోందని మీ నాన్న అన్నారు. వద్దు. ట్రైక్లోరోఎథిలిన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2012లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. రోజూ దాని పక్కన నిలబడేది నీ దగ్గర పనిచేసే పిల్లలే. మూత వేసి, వాక్యూమ్‌లో నడిచే మెషీన్ చూడు. డబ్బు తక్కువైతే నేనున్నాను.

కొటేషన్‌తో పాటు డ్రాయింగ్ కూడా పంపు. మడ్డి బయటి నుంచే తీసే వీలుందో లేదో చూసి చెబుతాను, అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య