డాక్టర్ సలహా: కొరియా తిండి తింటే సన్నబడతారంటారు, నేనెందుకు లావయ్యాను?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది గుంటూరు. పీహెచ్‌డీ కోసం పది నెలల క్రితం సియోల్ వచ్చాను. గోషివన్‌లో ఉంటున్నాను. చిన్న చిన్న గదుల హాస్టల్ లాంటిది అది. వంటగదిలో అన్నం, కిమ్చి అనే పులియబెట్టిన క్యాబేజీ ఊరగాయ, రామ్యాన్ అనే ప్యాకెట్ నూడుల్స్ ఉచితం. పొద్దున రెండు మిక్స్ కాఫీలు, ఒక త్రికోణం కింబాప్, అంటే సముద్రపు నాచులో చుట్టిన అన్నం. మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్. రాత్రి రామ్యాన్, మిగిలిన రసంలో కొంచెం అన్నం. ల్యాబ్‌లో ఆలస్యమైతే ఒక బనానా మిల్క్. శనివారాలు స్నేహితులతో తొక్‌బొక్కి అనే కారం సాస్‌లో ఉడికించిన బియ్యపు ముద్దలు, ఫ్రైడ్ చికెన్. కోడి, చేప, గుడ్డు తింటాను. పంది, గొడ్డు మాంసం తినను. కొరియా తిండిలో నూనె ఉండదు, సన్నబడతావని అందరూ అన్నారు. నేను మాత్రం 62 కిలోల నుంచి 68కి వచ్చాను. ఎత్తు 158 సెంటీమీటర్లు. బీపీ 134/86, పరగడుపున షుగర్ 108 ఉన్నాయి. థైరాయిడ్ తక్కువని రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. అమ్మకు షుగర్ ఉంది. టెన్షన్‌గా ఉంది. కిమ్చి మానేయాలా? సముద్రపు నాచు తినొచ్చా? ఇంటి నుంచి ఆవకాయ పంపిస్తామంటున్నారు, తెప్పించుకోనా?

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగులు పడాలి. ఆరు కిలోలకు 46 వేల పైచిలుకు. పది నెలలకు, అంటే మూడు వందల రోజులకు పంచితే రోజుకు దాదాపు 150. కొరియాలో 150 కేలరీలంటే సగం గిన్నె అన్నం. మీరు రాత్రి రామ్యాన్ రసంలో కలుపుకునే ‘కొంచెం అన్నం’ ఇంచుమించు అంతే ఉంటుంది. ఇది మోటు లెక్కే. పెరిగిందంతా కొవ్వే కాకపోవచ్చు, ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు కూడా నిలుస్తుంది. అయినా ఎక్కడ వెతకాలో ఈ లెక్క చెబుతుంది.

మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కొరియా ఇంటి భోజనం నిజంగా మంచిదే. ఒక గిన్నె అన్నం, గుక్ అనే పల్చటి చారు, కిమ్చి, వాటి చుట్టూ బాంచన్ అనే చిన్న చిన్న కూరలు ఉంటాయి. ఉడికించి నువ్వుల నూనె చుక్క వేసి కలిపిన పాలకూర, సోయా మొలకలు, టోఫు, కాల్చిన చేప, అలాంటివి. మీ గోషివన్‌లో ఉచితంగా దొరికేది ఆ పళ్లెంలోంచి ఆకుకూర, టోఫు, చేప తీసేస్తే మిగిలిన భాగం. మన హాస్టల్ పిల్లలు పప్పూ కూరా వదిలేసి, అన్నం ఊరగాయ తిని పైన ఒక నూడుల్స్ ప్యాకెట్ లాగించి, ఆంధ్రా భోజనం చేశామన్నట్టుంది మీ సంగతి.

కొరియన్‌లో ‘బాప్’ అంటే వండిన అన్నం, భోజనం కూడా. మనం ‘అన్నం తిన్నావా’ అని అడిగినట్టే వాళ్లూ ‘బాప్ తిన్నావా’ అని పలకరించుకుంటారు. అన్నం దగ్గర వాళ్లకూ మనకూ ఒకటే బలహీనత. అక్కడి హోటళ్లలో మూతపెట్టి ఇచ్చే చిన్న స్టీలు గిన్నెలో సుమారు 200 గ్రాముల అన్నం పడుతుంది. 300 కేలరీలు. దుకాణంలో దొరికే 210 గ్రాముల రెడీ అన్నం డబ్బా కూడా అంతే. మీకు అలవాటైన సోనా మసూరి పొడిపొడిగా ఉంటుంది. అక్కడి పొట్టి బియ్యం ముద్దగా అతుక్కుంటుంది కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ బరువు పడుతుంది. చూడ్డానికి కొంచెమే అనిపిస్తుంది. పైగా ఆ రకం తెల్లన్నం తొందరగా అరిగి షుగర్‌ని త్వరగా పెంచుతుంది. పరగడుపున 108 ఉన్న మీకు, అమ్మకు షుగర్ ఉన్న మీకు, ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

తొక్‌బొక్కిలోని తెల్లటి తొక్ కూడా దంచి గట్టిగా చేసిన బియ్యమే. దానికి పట్టే ఎర్రటి సాస్ కారంగా ఉంటుంది కదా అని తీపి సంగతి మరిచిపోతాం. అందులో వేసే గోచుజాంగ్ అనే మిరప ముద్దలోనే తీపి ఉంటుంది, పైన పంచదారో సిరప్పో మళ్లీ వేస్తారు. ఒక చిన్న ప్లేటు 300 కేలరీలు, పెద్దదైతే 500. తీపి సాస్ పూసిన ఫ్రైడ్ చికెన్ సగం కోడి తింటే వెయ్యి దగ్గరికి వెళుతుంది. పక్కన సోజు అనే కొరియా మద్యం ఉంటే అదీ లెక్కే. 16 శాతం ఆల్కహాల్ ఉన్న 360 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాల్ కేలరీలే 300 దాటతాయి. మీరు తాగుతానని రాయలేదు, ఇతర పాఠకుల కోసం చెబుతున్నా.

ఇక మీ రోజు చూద్దాం. రెండు మిక్స్ కాఫీలు 100 కేలరీలు. పాలపొడి లాంటి క్రీమర్, పంచదార కలిసిన 12 గ్రాముల స్టిక్ ఒక్కోటి 50. త్రికోణం కింబాప్ 200. క్యాంటీన్ భోజనం 700 అనుకుందాం. రామ్యాన్ 500, అన్నం 150. బనానా మిల్క్ 200. మొత్తం 1,850. ఎక్కువసేపు కూర్చుని పనిచేసే మీకు 1,700 చాలు. శనివారం విందు దీనికి అదనం. రోజు మొత్తంలో మాంసకృత్తులు 45 గ్రాములు కూడా దాటడం లేదనిపిస్తోంది. మీకు 60 దాకా కావాలి. రాత్రి పదింటికి మళ్లీ ఆకలేసి బనానా మిల్క్ వైపు చెయ్యి వెళ్లేది అందుకే.

కిమ్చి మానేయాలా అన్నారు. అక్కర్లేదు. వంద గ్రాముల కిమ్చిలో 20, 30 కేలరీలు కూడా కష్టమే. నూనె ఉండదు, పీచు ఉంటుంది, పులియబెట్టింది కాబట్టి మంచి బ్యాక్టీరియా ఉంటుంది. కిమ్చిని జిగే అనే చిక్కటి పులుసులా ఉడికించేస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చల్లగా తినేదే మేలు. దాంతో వచ్చే ఇబ్బంది ఉప్పొక్కటే.

నన్నడిగితే మీ ఉత్తరంలో కేలరీల కంటే ఉప్పు పెద్ద సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దంటుంది. అంటే ఐదు గ్రాముల ఉప్పు. ఒక్క రామ్యాన్ ప్యాకెట్‌లోనే, రసంతో సహా తాగితే, 1,700 దాకా ఉంటుంది. వంద గ్రాముల కిమ్చిలో 600. క్యాంటీన్ చారులో ఇంకొంత. మధ్యాహ్నం, రాత్రి కలిపి 3,500 దాటడం పెద్ద విషయం కాదు. కొరియా వాళ్లకే ఈ బాధ ఉంది. జిగేలు, చారులు, నూడుల్స్ రసం చివరి చుక్క దాకా తాగే అలవాటు వల్ల ఒకప్పుడు అక్కడి సగటు సోడియం 4,800 మిల్లీగ్రాముల దాకా ఉండేది. గత పదిహేనేళ్లలో ప్రభుత్వం వెంటపడి బాగా తగ్గించింది. ఉప్పు, కడుపులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా కలిసి కడుపు క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. ఆ క్యాన్సర్ ఎక్కువ కాబట్టే అక్కడ 40 దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ప్రభుత్వ పథకం కింద కడుపు పరీక్ష చేస్తారు. మీకు ఆ వయసు రాలేదు, కంగారు వద్దు. 134/86ను బీపీ జబ్బు అనలేం, హద్దు దగ్గర ఉన్నారంతే. వారం రోజులు ప్రశాంతంగా కూర్చుని, కాఫీకి ముందు కొలిచి రాసుకోండి.

ఇంకో మాట. మీరు గొడ్డు మాంసం తినరు కదా. అక్కడ అమ్మే చాలా రామ్యాన్ పొడుల్లో గొడ్డు మాంసం సారం ఉంటుంది. ప్యాకెట్ వెనక చూసుకోండి. కిమ్చిలో చేపల సాస్, ఉప్పు రొయ్యలు మామూలే. మీకు పర్లేదు, పూర్తి శాకాహారులు అడిగి తినాలి.

సముద్రపు నాచు సంగతి. అన్నం చుట్టే నల్లటి గిమ్‌లో అయోడిన్ మరీ ఎక్కువుండదు. కింబాప్ తినొచ్చు. మియొక్ అనే ఇంకో నాచుతో చేసే చారు సంగతి వేరు. బాలింతలకు, పుట్టినరోజులకు వండే చారు అది. దానికన్నా ముదురు దాషిమా, అంటే చారులో రుచి కోసం మరిగించే మందపాటి నాచు. మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. దాషిమా ఒక్క గ్రాములోనే దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లలో అతి అయోడిన్ గ్రంథిని ఇంకా మందగింపజేస్తుంది. మియొక్ చారు వారానికి ఒకసారి ఒక కప్పు తాగితే చాలు. దాషిమా పొడులు, మాత్రలు మాత్రం వద్దు.

మాత్ర ఎలా వేసుకుంటున్నారో రాయలేదు. నా అనుమానం మిక్స్ కాఫీ మీద ఉంది. మాత్ర మంచినీళ్లతో పరగడుపున వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. వెంటనే కాఫీ గానీ సోయా పాలు గానీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటలు దూరం. థైరాయిడ్ అదుపు తప్పినా రెండు మూడు కిలోలు పెరుగుతారు, కాబట్టి థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూడకుండా తప్పంతా తిండి మీదే వేయలేం. విద్యార్థులకు అక్కడి జాతీయ ఆరోగ్య బీమా ఉంటుంది. దగ్గర్లోని ‘నెగ్వా’కి, అంటే జనరల్ ఫిజీషియన్ క్లినిక్‌కి వెళ్లి టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ చేయించండి. మాత్ర మోతాదు మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి.

తిండిలో మార్చాల్సింది పెద్దగా లేదు. రామ్యాన్ రోజూ కాకుండా వారానికి రెండుసార్లు. వండేటప్పుడు పొడి సగమే వేసి, గుడ్డు కొట్టి, గుప్పెడు సోయా మొలకలు వేయండి. రసం వదిలేయండి, ఉప్పు దాదాపు సగం తగ్గుతుంది. ఆ రసంలో అన్నం మాత్రం కలపొద్దు. మిగతా రోజుల్లో అదే వంటగదిలో అదే ఉచిత అన్నం ముప్పావు గిన్నె పెట్టుకుని, దుకాణంలో టోఫు కొనుక్కోండి. గట్టి టోఫు వంద గ్రాములకు 80 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు. ఉడికించిన గుడ్లు, ప్యాకెట్ చికెన్ బ్రెస్ట్ కన్వీనియన్స్ స్టోర్లో ఏ వేళకైనా ఉంటాయి. క్యాంటీన్‌లో అన్నం ఎవరికి వాళ్లే వడ్డించుకుంటే గరిటె తగ్గించండి, ముందు కూరలు తిని అన్నం చివర తినండి. షుగర్ ఒక్కసారిగా లేవదు. అన్నంలో కూరలు, కారం సాస్ కలుపుకుని తినే బిబింబాప్ ఉన్న రోజు సాస్ సగమే కలుపుకోండి. కాఫీ లేకపోతే చదువు సాగదంటే ఐస్ అమెరికానో తాగండి, పది కేలరీలు. అక్కడి వాళ్లు చలికాలంలో కూడా అదే తాగుతారు. బనానా మిల్క్ బదులు పంచదార లేని సోయా పాలు లేదా బార్లీ నీళ్లు.

ప్యాకెట్ మీద ‘యొల్యాంగ్’ అంటే కేలరీలు, ‘నాట్రియుమ్’ అంటే సోడియం, ‘తాంగ్‌న్యూ’ అంటే చక్కెర. ఈ మూడు పదాలు కొరియన్ అక్షరాల్లో ఎలా ఉంటాయో ల్యాబ్ స్నేహితులతో రాయించుకుని ఫోన్లో పెట్టుకోండి. నెలకు కిలో, కిలోన్నర తగ్గితే చాలు. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, ఇప్పుడు 27. మనవాళ్లకు 23 దాటితేనే జాగ్రత్తపడమంటాం, కాబట్టి మొదటి మజిలీ 62 కిలోలు. నడుము 80 సెంటీమీటర్ల లోపు ఉందో లేదో కూడా కొలవండి.

ఆవకాయ తెప్పించుకోండి. ఇంటి బెంగకు నా దగ్గర అంతకన్నా మందు లేదు. నూనె ఉంటుంది కాబట్టి చిన్న చెంచాడే. కిమ్చి వేసుకున్న పూట ఆవకాయ వద్దు, ఆవకాయ వేసుకున్న పూట కిమ్చి వద్దు. ఇక ఆవకాయలో కలిపే అన్నం ముప్పావు గిన్నె దగ్గర ఆగుతుందా అంటే, గుంటూరు వాళ్ల విషయంలో నేను హామీ ఇవ్వలేను.