వెళ్లినవారికి ఉన్న బాకీ

ప్రశ్న: ఐర్లాండ్ ప్రభుత్వం ఎప్పుడో దేశం విడిచి వెళ్లినవారి కోసం ఏటా నిధులు కేటాయిస్తుందని డబ్లిన్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి చెప్పాడు. అక్కడ పన్ను కట్టనివారికి ప్రజాధనం ఇవ్వడం ఏ న్యాయం? ఆ డబ్బు ఎవరికి చేరుతుంది?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఐర్లాండ్ విదేశాంగ శాఖ 2004 నుంచి ‘ఎమిగ్రెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్’ పేరుతో ఈ పథకాన్ని నడుపుతోంది. అంతకు ఇరవై ఏళ్ల ముందే బ్రిటన్‌లోని ఐరిష్ సంక్షేమ సంఘాలకు సాయం అందించేందుకు ఒక కమిటీ ఏర్పడింది. దాని పేరు ‘డీయన్’. ఐరిష్ భాషలో ఆ మాటకు పైకప్పు అని అర్థం.

న్యాయం సంగతికి వస్తే, 1950ల దశకంలో ముప్పై లక్షల జనాభా కూడా లేని ఆ దేశం నుంచి సుమారు నాలుగు లక్షల మంది, ఎక్కువగా బ్రిటన్‌కు, పని వెతుక్కుంటూ వెళ్లారు. 1961లో వలస వెళ్లినవారు ఇళ్లకు పంపిన సొమ్ము సుమారు 1.35 కోట్ల పౌండ్లు. అదే ఏడాది దేశంలో ప్రాథమిక, మాధ్యమిక విద్యకు అయిన మొత్తం ఖర్చు కూడా దాదాపు అంతే, సుమారు 1.4 కోట్ల పౌండ్లు. తమ్ముళ్ల చదువు, తల్లిదండ్రుల తిండి, ఇంటి కప్పు ఆ మనీ ఆర్డర్ల మీదే నడిచిన ఇళ్లు ఎన్నో. వారు పన్ను కట్టలేదనడం కన్నా, ఆ రోజుల్లో దేశాన్ని మోసినవారిలో వారూ ఉన్నారనడమే సబబు. కాబట్టి ఇది దానం కాదు, బాకీ తీర్చడమని నా అభిప్రాయం.

ఈ డబ్బు వ్యక్తుల చేతికి ఇవ్వరు. లాభాపేక్ష లేని సంఘాలు దరఖాస్తు చేసుకుంటే గ్రాంటుగా ఇస్తారు. వృద్ధులకు, నిస్సహాయులకు చేసే సేవకే మొదటి ప్రాధాన్యం. లండన్‌లో రోడ్లు తవ్విన కూలీల్లో చాలామందికి కూలి రోజువారీ నగదుగానే చేతికొచ్చేది. పెన్షన్‌కు ఆధారమైన ప్రభుత్వ బీమా లెక్కల్లో వారి పేరు ఎక్కేది కాదు. అందువల్ల ముసలితనంలో పెన్షన్ చాలక, పెళ్లి లేక, సిగ్గుతో సొంతూరికి పోలేక అద్దె గదిలో ఒంటరిగా మిగిలినవారున్నారు. అలాంటి పెద్దాయన తలుపు తట్టి, ఫారం నింపిపెట్టి, వారానికోసారి తన యాస వినిపించే చోట వేడి భోజనం పెట్టించే మనిషి జీతం ఈ గ్రాంటులో నుంచి వస్తుంది. విదేశీ జైళ్లలో ఉన్న ఐరిష్ ఖైదీల కుటుంబాలకు, అమెరికాలో వీసా చిక్కుల్లో ఉన్నవారికి సలహా ఇచ్చే సంఘాలకు, తిరిగి స్వదేశం రావాలనుకునే వృద్ధులకు తోడ్పడే సంస్థకు కూడా ఇదే ఆధారం. సాంస్కృతిక కార్యక్రమాలకూ కొంత ఇస్తారు.

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అనే మాట పుట్టిన ప్రాంతం నుంచి రాసిన మీకు ఈ బాధ వివరించనక్కర లేదు. మన కేంద్ర ప్రభుత్వానికి కూడా 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి ఉంది. చిక్కుకుపోయినవారి టికెట్టుకు, మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి రాయబార కార్యాలయాలు అందులో నుంచి ఖర్చు చేస్తాయి. అయితే అది ప్రధానంగా పాస్‌పోర్టు, వీసా వంటి కాన్సులర్ సేవలపై వసూలు చేసే రుసుముతో నడుస్తుంది, ఎక్కువగా ఆపద వచ్చాకే అక్కరకొస్తుంది. ఆపద రాకముందే, ఏడాది పొడవునా వలసదారుడి పక్కన ఉండే సంఘాన్ని ప్రభుత్వ బడ్జెట్టుతో నిలబెట్టడం ఐర్లాండ్ పద్ధతి. గల్ఫ్‌లోని మన కార్మిక సంఘాలకు అలాంటి దన్ను దొరకాలని గట్టిగా కోరుకునేవారిలో నేనూ ఒకణ్ణి.