షట్టర్ మార్చినా అదే ఎర్రర్: రిపేరు షాపుపై కేసు నిలబడుతుందా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు ఫోటోలు తీస్తూ బతుకుతున్నాను. తొమ్మిదేళ్ళ కిందట కొన్న నా డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో బటన్ నొక్కినప్పుడల్లా అద్దం పైకి లేచి అక్కడే ఆగిపోయి, ఎర్రర్ వచ్చేది. హైదరాబాద్‌లోని ఒక రిపేరు షాపువారు షట్టర్ పోయిందని చెప్పి, దాన్ని మార్చి రూ.11,500 తీసుకున్నారు, బిల్లుపై మూడు నెలల గ్యారంటీ రాశారు. ఇరవై రోజులకే అదే ఎర్రర్ మళ్ళీ వచ్చింది. ఇప్పుడేమో మదర్‌బోర్డు పోయిందని, మరో రూ.18,000 అవుతుందని, వద్దనుకుంటే పరిశీలన ఛార్జీ రూ.2,000 కట్టి కెమెరా తీసుకెళ్ళమని అంటున్నారు. పాత కెమెరాకు కేసు నిలబడుతుందా?

జవాబు: కెమెరా పాతదైనంత మాత్రాన మీ కేసుకు అడ్డు రాదు. మీరు ప్రశ్నిస్తున్నది డబ్బు తీసుకుని చేసిన మరమ్మతును కాబట్టి, కెమెరా వయసుతో సంబంధం లేకుండా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11)లో చెప్పిన సేవా లోపం కింద ఫిర్యాదు చేయవచ్చు. తయారీదారును మాత్రం ఇందులోకి లాగవద్దని నా సలహా. 2012లో వచ్చిన నికాన్ డి600 విషయంలో సెన్సర్‌పై మరకలు పడుతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాక, 2014లో ఆ కంపెనీయే వారంటీ ముగిసిన కెమెరాలకు కూడా షట్టర్‌ను ఉచితంగా మార్చి ఇచ్చింది. అలాంటి ప్రకటన ఏదీ లేనప్పుడు తొమ్మిదేళ్ళు వాడిన యంత్రంలో తయారీ లోపముందని రుజువు చేయడం చాలా కష్టం.

రిపేరు షాపు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. మెకానిక్ అంచనా తప్పినంత మాత్రాన అది సేవా లోపం కాదు. ఆ పని తెలిసినవాడు చేయవలసిన పరీక్షలు చేసి ఆ నిర్ణయానికి వచ్చాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ముందు అద్దం లేస్తుంది, తర్వాత దాని వెనకనున్న షట్టర్ తెరలు తెరుచుకుని మూసుకుంటాయి, చివరకు అద్దం దిగుతుంది. ఈ వరుసలో ఎక్కడ ఆటంకం వచ్చినా తెరపై కనిపించే ఎర్రర్ ఒకేలా ఉండవచ్చు. షట్టర్ తెరలు నెమ్మదించినప్పుడు, సెకనులో 30వ వంతు వేగంలో మామూలుగా వచ్చిన ఫోటోయే 2000వ వంతు వేగంలో ఒక అంచున నల్లటి పట్టీతో వస్తుంది. అద్దాన్ని కదిపే మోటారో పళ్ళ చక్రాలో అరిగితే, షట్టర్ తెరలు చెక్కుచెదరకుండా ఉన్నా అద్దం పైనే నిలిచిపోతుంది. లెన్స్ కాంటాక్టులకు మురికి పట్టినా, బ్యాటరీ బలహీనపడినా కూడా ఎర్రర్ రావచ్చు. లెన్స్ తీసేసి, మంచి బ్యాటరీ వేసి బటన్ నొక్కి చూస్తే ఆ రెండు అనుమానాలూ అయిదు నిమిషాల్లో తేలిపోతాయి. షట్టర్ మూసుకోకపోయినా అద్దం పైనే ఆగే అవకాశముంది గనుక షాపువారి మొదటి అంచనా తప్పని నేను ఇప్పుడే అనలేను. అయితే అదే లక్షణం ఇరవై రోజులకే తిరిగి రావడం, వాళ్ళే ఇప్పుడు మరో భాగం పేరు చెప్పడం మీకు గట్టి ఆధారాలు.

అందువల్ల ఆ కెమెరాను ఇక ఎవరితోనూ విప్పించకండి. మరొకరు తెరిచిన మరుక్షణం, లోపం వారివల్లే వచ్చిందని షాపువారు వాదించే వీలు కలుగుతుంది. కెమెరా చేతికి రాగానే లెన్స్ తీసి, పైన నిలిచిపోయిన అద్దం, తెరపై ఎర్రర్, అడుగున సీరియల్ నంబరు ఒకే వీడియోలో వచ్చేలా ఆపకుండా చిత్రీకరించండి. ఆ తర్వాత కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో చూపించి, విడి భాగాలు దొరకకపోయినా సరే, లోపం ఎక్కడుందో రాతపూర్వకంగా తీసుకోండి. విప్పక తప్పదంటే అది షాపువారి సమక్షంలోనే, రికార్డులో ఉండేలా జరగాలి. తీసేసిన పాత షట్టర్‌ను ఇమ్మని షాపువారిని అడగండి. అది మీ సొత్తు, పైగా నిజంగా పాడైందో లేదో చెప్పగల వస్తువు అదొక్కటే.

ఇక రూ.2,000 సంగతి. ఒప్పంద చట్టం సెక్షన్ 170 ప్రకారం, శ్రమ, నైపుణ్యం వెచ్చించి చేసిన పనికి ప్రతిఫలం అందేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకునే హక్కు పనివాడికి ఉంది. సానపట్టడానికి వజ్రం తీసుకున్న నగల వర్తకుడిని చట్టమే ఉదాహరణగా చూపింది. కాని మొదటి పనికి మీరు పూర్తిగా చెల్లించారు, రెండోసారి ఇచ్చింది గ్యారంటీ గడువులోనే. మీరు సంతకం చేసిన జాబ్ షీటులో పరిశీలన ఛార్జీ ప్రస్తావన లేకపోతే వారి పట్టుదలకు ఆధారం లేదు. ముహూర్తాల రోజుల్లో కెమెరా లేకుండా మీకు గడవదని నాకు తెలుసు. అత్యవసరమైతే ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని మెసేజ్ పంపి, డబ్బు కట్టి, రశీదు తీసుకోండి.

షాపువారి ప్రధాన వాదన, మీరు వ్యాపారం కోసం కెమెరా వాడుతున్నారు కనుక వినియోగదారు కారన్నది కావచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకునే వస్తువులకు చట్టం మినహాయింపు ఇచ్చింది. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. అయితే దీనికి ముందున్న 1986 చట్టంలోని ఈ మినహాయింపు వివరణలో వస్తువులతోపాటు సేవల మాట కూడా ఉండేది, 2019 చట్టంలో సేవల మాట లేదు. ఎదుటి పక్షం దీన్ని పట్టుకోవచ్చు. కనుక ఈ కెమెరాయే మీ బతుకుదెరువని, ఫోటోలు మీరే స్వయంగా తీస్తారని ఫిర్యాదులోనూ అఫిడవిట్‌లోనూ స్పష్టంగా రాయండి.

షాపు హైదరాబాద్‌లో ఉన్నా, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఈ మొత్తానికి రుసుము లేదు, గడువు రెండేళ్ళు. చెల్లించిన రూ.11,500తోపాటు పరిహారం, ఖర్చులు కోరండి. చేజారిన పెళ్ళి ఆర్డర్లకు నష్టం అడగాలంటే తిరిగిచ్చిన అడ్వాన్సుల రుజువులు కావాలి. ముందుగా పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అందులో పాత షట్టర్‌ను అప్పగించాలన్న కోరికను మొదటి పేరాలోనే పెట్టండి.